నీడలో చూసిన పిట్ట

ఆ ఇంట్లో పొద్దు రంగునీళ్ళతో మొదలయ్యేది. నాన్న ముందు గదిలో తొట్ల మీద చెక్కమూతలు ఒక్కొక్కటే తీసి గోడకి ఆనించేవాడు. అమ్మ పొయ్యి రాజేసి పెద్ద కాగులో నీళ్ళు ఎక్కించేది. అన్నయ్య ముందురోజు ఉతికిన, దారపు చుట్టల్లాంటి నూలు చిలపలు భుజాన వేసుకుని ఆవలిస్తూ వచ్చేవాడు. "ఆ నోరు మూస్తే పిట్ట లోపలికి పోకుండా ఉంటుంది" అని వదిన వెనకనించి అంటించేది. నాయనమ్మ ఉత్తరపు కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు అద్దాలు తుడుచుకుని, దేవుడికో దణ్ణం పెట్టుకునేది. అప్పుడు పిట్టలొచ్చేవి.

ఎవరి పిట్ట వాళ్ళది. నాన్న తొట్టి అంచు మీద పసుపు పొట్టది వాలేది. అమ్మ దగ్గరికి చిగురాకు పచ్చది. అన్నయ్యకి మబ్బు నీలం. వదిన పిట్ట మరీ బుల్లిది, వీపు నిమ్మపండు తొక్కలా ఉండేది, కంటి చుట్టూ తెల్లగాజు తొడుక్కున్నట్టు ఓ గీత. పెళ్ళై వచ్చిన మనిషికి కూడా వస్తుందా అని మొదట్లో వదినే భయపడింది. "పిట్టకి ఇంటిపేరుతో ఏం పని? చేతితో పని" అని నాయనమ్మ ఆ భయం తీర్చేసింది. బొటనవేలంత పిట్టలు. తొట్టి అంచున కూర్చుని, కాస్త కూసి, ఈకలు దులుపుకుని, వచ్చిన దారినే పోయేవి. ఆ తర్వాతే ఎవరైనా నీళ్ళలో చెయ్యి పెట్టేవాళ్ళు. నాన్న చెయ్యి పెడితే పసుపు తేలేది. అదే రంగుమందు, అవే నీళ్ళు, అదే కొలతతో ఇంకొకరు చెయ్యి పెడితే గంజిలాంటిదేదో తేలేది.

ఇందులో వింత పడడానికి ఎవరికీ ఏమీ కనబడలేదు. వీధి చివర రొట్టెలవాడికి పిండి పొంగుతుంది, వీళ్ళకి పిట్ట వాలుతుంది. గుడ్డ పట్టుకొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే, "ఏమ్మా, పచ్చ పిట్ట వచ్చి వెళ్ళిందా, రేపు రమ్మంటారా?" అని అడిగి పోయేవాళ్ళు.

పిట్ట కొత్తగా వచ్చినప్పుడు మాత్రం పని ఉండేది. అది ఎవరిదో, ఏ రంగుదో తేల్చాలి. ఆ ఇంట్లో ఎవరికైనా చెయ్యి పండిందంటే ఓ రోజు కొత్త పిట్ట వస్తుంది. దాన్ని తేల్చేది నాయనమ్మ. ఆమెకి ఆమె అత్తగారు నేర్పింది, ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు. ముందు ముక్కు చూడాలి. ముక్కు సూటిగా ఉంటే చెయ్యి తొందరది, వంకర ఉంటే నిదానపుది. తర్వాత గొంతు, భుజం, రొమ్ము, నడుము, తోక కింద. చిట్టచివర కూత వినాలి. అంతా అయ్యాక నాయనమ్మ కిటికీ రెక్క తోసి, వీధిలోకి వినబడేలా చెప్పేది: "ఇది మా కోడలి పిట్ట. ఆకుపచ్చ." లేదా, "ఇది మా మనవడి పిట్ట. నీలం." ఆ మాట బయటపడ్డాక ఇంక దానికి తిరుగులేదు. అప్పుడు ఆ మనిషికి ముందు గదిలో ఓ తొట్టి.

వీటన్నిటికీ మించిన కట్టుబాటు ఒకటుంది. రంగుని ఉత్తరపు కిటికీ దగ్గరే చూడాలి. "ఎండ ముఖస్తుతి చేస్తుంది. దీపం అబద్ధాలే ఆడుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఈ కిటికీ ఒక్కటే" అనేది నాయనమ్మ. రంగులపనివాళ్ళు ఎవరైనా ఒప్పుకునే మాటే అది. ఎండలో చూసి బాగుందని పంపిన గుడ్డ మర్నాడు తిట్లతో తిరిగొస్తుంది.

ముందు గదిలో ఒక తొట్టి మీద మాత్రం మూత ఎప్పుడూ తీసేవారు కాదు. అది తాతది. తాత ఎరుపు. ఆయన కన్నుమూసిన రోజు పొద్దున ఎర్రపిట్ట వచ్చి, ఖాళీ తొట్టి అంచున ఎప్పటికన్నా ఎక్కువసేపు కూసి, వెళ్ళిపోయింది. ఆనాటినించి ఆ ఇంట్లో ఎరుపు తేలలేదు. ఎరుపు కావలసినవాళ్ళు పక్క ఊరు పోతున్నారు. నాయనమ్మ ఆ మూతని రోజూ తడిగుడ్డతో తుడిచేది, అంతే.

ఆ ఇంటి చిన్నమ్మాయిని అందరూ పిసరు అని పిలిచేవాళ్ళు. పుట్టినప్పుడు గుప్పెడు కూడా లేదట. తాత రెండు అరచేతుల్లోకి తీసుకుని, "పిసరు తక్కువైతే తేలదు, పిసరు ఎక్కువైతే దిగదు. మన పనంతా ఈ పిసరులోనే ఉంది" అన్నాడట. పేరు అలా నిలిచిపోయింది. ఆ పిల్ల ఎదిగి, అన్నయ్యతో సమానంగా బరువులెత్తి, చిలపలు పిండి, నీళ్ళు మోసి, ముప్ఫై దాటినా పిట్ట మాత్రం రాలేదు. "నీ పిట్ట దారి తప్పిందే, ఎక్కడో పోస్టాఫీసులో పడుంది" అని అన్నయ్య ఉడికించేవాడు. "దారి తప్పలేదు, నీ ఆవలింత చూసి గుమ్మంలోంచే పారిపోతోంది" అనేది పిసరు.

చివరికి ఓనాడు వచ్చింది. పిసరు చిలప పిండుతుంటే కిటికీ ఊచ మీద వాలింది. వీపు మట్టిపచ్చ, పొట్ట పాలిపోయిన పసుపు. "వచ్చిందీ! పిసరు పిట్ట వచ్చింది!" అని వదిన కేకేసింది.

"అరవకే తల్లీ, బెదురుతుంది" అని నాయనమ్మ ముందుకి వంగింది. "ముక్కు?"

"వంకర. సూదిలా సన్నం" అంది పిసరు, కదలకుండా.

"నిదానపు చెయ్యి. మంచిదే. గొంతు?"

పిసరు పిట్ట గొంతుకేసి చూసింది. గడ్డం దగ్గర మొదలై పొట్ట మధ్యదాకా ఓ నల్లటి గీత, సిరా జారినట్టు. ఆ ఇంట్లో అలాంటి గీత గుడ్డ మీద కనబడితే దానికి ఒకటే పేరు, మరక. నాయనమ్మ చాలాసేపు చూసి, "ఇంకా తేలలేదు, ఆగుదాం" అంది.

ఆగారు. గీత వెడల్పయింది. గొంతంతా పాకింది, భుజాలెక్కింది, నడుముదాకా దిగింది. ఓ పొద్దున పిట్ట వచ్చి అదే ఊచ మీద కూర్చునేసరికి ముక్కు కొసనించి తోకదాకా నలుపు. నాయనమ్మ జోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఇటునించీ అటునించీ చూసింది. కూత విన్నది. కూత చక్కగానే ఉంది, గొలుసు జారినట్టు గలగలమంటూ. అయినా ఆమె కిటికీ రెక్క తొయ్యలేదు. "నలుపు" అంది, ఆ గదిలో ఉన్నవాళ్ళకి మాత్రం వినబడేలా.

ఆ ఇంట్లో నలుపు రంగు కాదు. చారలు పడ్డ పసుపు, మచ్చలు తేలిన పచ్చ, చెయ్యి వణికి పాడైన నీలం, అన్నీ వెనక కొట్టంలోని నల్లతొట్టికి పోయేవి. తాత రోజుల్లో పాడైన ఎరుపులు కూడా అందులోకే పోయాయి. చెడినదానికి నలుపు అని పనివాళ్ళ సామెత. ఆ తొట్టి ఎవరిదీ కాదు, ఖాళీగా ఉన్నవాళ్ళు వెళ్ళి ముంచి వచ్చేవాళ్ళు. చుక్క చిందితే మిగతా రంగులు నాశనమౌతాయని దాన్ని దూరంగా పెట్టారు. ఎండ తగిలితే నలుపు తుప్పు తిరుగుతుందని, ఆరేసే తాళ్ళు కూడా ఆ కొట్టంలోనే కట్టారు. దానికి కిటికీ లేదు. తలుపూ, చూరు కింద ఓ సందూ.

"ఇన్నాళ్ళూ ఆ తొట్టికి దిక్కులేదు" అన్నాడు నాన్న, కూతురి మొహం చూడకుండా. "నీకిస్తున్నాను తల్లీ."

పిసరు తలూపి, చేతులు తుడుచుకుని, వెనక్కి నడిచింది. పిట్ట ముందే వెళ్ళి చూరు సందులోంచి దూరి, నల్లతొట్టి అంచున కూర్చుని ఉంది.

అప్పటినించీ అదే ఆమె చోటు. ఆ అమ్మాయి ఏడ్చి కూర్చునే రకం కాదు. పాడైనదాన్ని మసిలో ముంచి దాచేయడం వేరు, నలుపు చెయ్యడం వేరు అంది. ముందు ఆ గుడ్డని తెల్లబడేదాకా ఉతికేది. ఉతికి ముంచేది, ఆరేసి మళ్ళీ ముంచేది. ఆమె చెయ్యి తగిలాక ఆ నలుపులోకి చూస్తే బావిలోకి చూసినట్టుండేది. ఆ గుడ్డ కోట్ల లోపలి అస్తరుకీ, పెట్టెల లోపల అతికించడానికీ పోయేది. బయటికి కనబడే దేనికీ ఎవరూ అడగలేదు. కోట్లు కుట్టే టైలరు ఓసారి అస్తరుకోసం వచ్చి, గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"నీ అస్తరు వేసిన కోట్లతో ఓ చిక్కొచ్చిందమ్మా. వేసుకున్నవాళ్ళు గుండీలు పెట్టుకోవడం లేదు. చలిలో కూడా విప్పుకుని తిరుగుతున్నారు. ఎందుకయ్యా అంటే, ఏమో, మనసౌతోంది అంటారు."

"గుండీలు బిగువుగా కుడుతున్నారేమో చూసుకోండి" అంది వదిన. అందరూ నవ్వారు. ఆ మాట అక్కడితో మరుగున పడింది.

కొన్నేళ్ళు గడిచాక అన్నయ్య ఓ ఆలోచన చేశాడు. గుడ్డలు తెచ్చేవాళ్ళు వీధిలో నిలబడాల్సొస్తోంది. తాత తొట్టి ఊరికే పడుంది కదా, పగలగొట్టించి ఆ చోట ఓ బల్లా నాలుగు కుర్చీలూ వేస్తే పదిమందీ కూర్చుంటారు. నాన్న సరేనన్నాడు. నాయనమ్మ అవునూ అనలేదు, కాదూ అనలేదు. సోమవారం రమ్మని మేస్త్రీకి కబురు వెళ్ళింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర పిసరు ముద్ద కంచంలో పెట్టేసి అంది:

"ఆ తొట్టి పగలగొట్టొద్దు నాన్నా. నాకియ్యి."

"నీకు తొట్టి ఉందిగా" అన్నాడు అన్నయ్య.

"నాకున్నది కొట్టం. ముందు గదిలో తొట్టి లేదు. పిట్ట వచ్చినవాళ్ళకి ముందు గదిలో తొట్టి ఇస్తారు కదా ఈ ఇంట్లో?"

"నలుపు పక్కన పెట్టుకుని పసుపు ఎలా చేస్తానే? చుక్క ఎగిరిపడితే?" అన్నాడు నాన్న. ఆ మాటలో కోపం లేదు, నిజంగానే బెంగ.

"ఇన్నేళ్ళలో నా కొట్టం గోడమీదైనా చుక్క చూశావా?"

నాన్న చూడలేదు. గోడ సున్నం వేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఆయన తల్లివైపు చూశాడు.

"నలుపు ముందు గదిలోకి రాదు" అంది నాయనమ్మ. "నా కళ్ళతో తేల్చిన పిట్ట అది."

"నువ్వు తేల్చింది తప్పని నేననలేదు నాయనమ్మా. కానీ తేల్చినదాన్ని వీధిలోకి చెప్పలేదు నువ్వు. నాదని చెప్పలేదు. అది మరిచిపోయావా, మింగేశావా?"

వదిన లేచి పిసరు కంచంలో ఇంకాస్త వడ్డించింది. ఆ ఇంట్లో ఓదార్పు అలాగే ఉండేది.

సోమవారం ఇంకా రాకముందే నాటకశాల మేనేజరు వచ్చాడు. పొడుగాటి మనిషి, మామూలుగా మాట్లాడినా ఆఖరి వరసకి వినబడేలా మాట్లాడతాడు. తన వేదికకి తెర కావాలి. నల్లది, ఏకఖండం. "అతుకు ఉండకూడదు. ఒకచోట ముదురు, ఒకచోట లేత ఉండకూడదు. ఆఖరి దీపం ఆర్పితే అక్కడ తెర ఉందో లేదో తెలియకూడదు!"

"అంత వెడల్పు మా వల్ల కాదండీ" అని నాన్న చేతులు జోడించబోయాడు.

"నేను చేస్తాను" అంది వెనక గుమ్మంలోంచి పిసరు.

"ఎక్కడ ముంచుతావే? నీ తొట్టిలో దాని మూల కూడా మునగదు" అన్నాడు అన్నయ్య.

"మునిగేదాకా లాగుతాను. నువ్వు అటు కొస పట్టుకో, ఆవలించకుండా."

ఆ తెర ముంచడం ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తొట్టికి ఇటో కర్రా అటో కర్రా బిగించి, తెరని తాడులా ఒకదాన్నించి ఇంకోదానికి చుట్టారు. పిసరు మోచేతులదాకా చేతులు ముంచి మధ్యలో నిలబడింది. ఆగితే అక్కడ చార పడుతుంది, తొందరపడితే పాలిపోతుంది. అమ్మ పచ్చరంగు చేతులతో, వదిన నిమ్మరంగు చేతులతో, అన్నయ్య నీలం చేతులతో కర్రలు తిప్పారు. నాన్న తన తొట్టి మూతపెట్టి వచ్చి నీళ్ళందించాడు. పిట్ట తొట్టి అంచు మీద కూర్చుని, తెర వెళ్తుంటే అటూ, తిరిగొస్తుంటే ఇటూ తల తిప్పుతూ కూసింది. శని, ఆదివారాలు దానికే సరిపోయాయి. ముందు గదిలో ఎవరూ లేరని మిగతా పిట్టలు కూడా వచ్చి చూరు సందులో తొంగిచూసి పోయాయి.

సోమవారం పొద్దున తెర ఆఖరి ముంపు తేలింది. ఇంక ఆరెయ్యాలి. కొట్టం తాళ్ళ మీద అందులో పావు వంతు కూడా పట్టదు.

"మడిచి ఆరేద్దాం" అన్నాడు అన్నయ్య.

"మడత దగ్గర చార పడుతుంది. డాబా మీద పరవాలి."

ఆ మాట లోపలినించి నాయనమ్మ చెవిన పడింది. "ఎండలో నలుపా! మతిపోయిందా? సాయంత్రానికల్లా తుప్పు తిరుగుతుంది. ఇంటి పేరు గంగలో కలుస్తుంది."

పిసరు తడిచేతులతోనే వచ్చి కిటికీ పక్కన నిలబడింది. "తుప్పు తిరిగితే మళ్ళీ ముంచుతాను నాయనమ్మా. చార పడితే ఏ దేవుడూ తీయలేడు. నువ్వు నేర్పిందే."

నాయనమ్మ కళ్ళు మూసుకుంది. అది తాను నేర్పిందే.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని గుమ్మంలో దిగాడు. "ఏదండీ ఆ తొట్టి?" అన్నాడు ఉత్సాహంగా.

"తొట్టి ఎక్కడికీ పారిపోదు గానీ ముందు ఓ చెయ్యెయ్యి" అని వదిన అతని చేతిలో తడితెర కొస పెట్టింది. అది ఏనుగు పిల్లంత బరువుంది. అందరూ కలిసి మోస్తే మెట్ల మీద చుక్కలు కారుతూ డాబా ఎక్కింది. తాళ్ళు లాగి కట్టి పరిచారు. ఎండ ఇంకా గోడ చాటునే ఉంది. తెర నల్లగా, నీళ్ళోడుతూ, ఇంటి నెత్తిమీద రాత్రి మిగిలిపోయినట్టుంది. మేస్త్రీ నడుం పట్టుకుని కూలబడ్డాడు.

పిట్ట వచ్చి తాడు మీద వాలింది. అది ఎప్పుడూ చూరు సందులోంచి కొట్టంలోకి వచ్చి, అటునించి అటే పోయేది. పని లేనప్పుడు పిట్ట వెంటపడకూడదని ఆ ఇంటి కట్టు. కాబట్టి అది పోయే దారి ఎవరూ చూడలేదు.

గోడ మీదనించి ఎండ దిగింది. ముందు తాడు మీద పడింది, తర్వాత పిట్ట మీద.

"అత్తయ్యా" అంది వదిన. పిట్టవైపు వేలు చూపించింది.

నలుపు లేదు. గొంతు దగ్గర నెమలి మెడలా పచ్చ, అది తల తిప్పితే ఊదా, మళ్ళీ తిప్పితే నీలం. ఊపిరి తీస్తే ఒకటి, విడిస్తే ఒకటి. ఎండ ఇంకా కిందికి జారి తెర మీద పడింది. గాలికి తెర ఉబ్బిన చోటల్లా అదే ఊదా, అదే నీలం, వానకి ముందు ఆకాశంలా కదిలాయి. ఆ డాబా మీద రంగులలో పుట్టి పెరగనివాడు మేస్త్రీ ఒక్కడే. అతనే ముందు నోరు విప్పాడు. "ఇది నల్లది అన్నారు కదండీ?"

నాన్న గబగబా మెట్లు దిగి వెళ్ళాడు. "అమ్మా, ఒక్కసారి పైకి రావాలి."

"ఏం, తుప్పు తిరిగిందా?"

"పిట్టని చూడాలి."

"పిట్టని ఇక్కడికి తెండి. నా కిటికీ దగ్గర చూస్తాను. ఎన్నడూ లేంది ఎండలో చూడమంటావేమిట్రా?"

"ఇక్కడికి తెస్తే నలుపే కదమ్మా" అన్నాడు నాన్న. "ఇన్నేళ్ళూ ఇక్కడే చూశాం."

నాయనమ్మ కొడుకు మొహంలోకి చూసింది. కిటికీవైపు చూసింది. చివరికి జోడు తుడుచుకుని, "సరే, ఎత్తండి" అంది. మేస్త్రీ ఓ పక్కా అన్నయ్య ఓ పక్కా పట్టి ఆమెని కుర్చీతో సహా మోశారు. మెట్ల మలుపులో కుర్చీ ఒరిగితే, "సరిగ్గా పట్టరా, ఉన్న ఒక్క నాయనమ్మనీ ఒలకబొయ్యకు" అంది.

కుర్చీని ఎండలో దించారు. పిట్ట ఎగిరిపోలేదు. పిసరు తెర కొస పట్టుకుని కాస్త దూరంలో నిలబడింది, చేతులు మోచేతులదాకా నల్లగా. ఎండలో అవీ నల్లగా లేవు. వాటివైపు చూసుకోవడానికి భయపడి ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది.

నాయనమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. తనే మొదలుపెట్టింది, పాఠం ఒప్పజెప్పినట్టు.

"ముక్కు. వంకర. నిదానం. గొంతు..." అక్కడ కాస్త ఆగింది. "గొంతు ఆకుపచ్చ. మా కోడలిది. భుజం నీలం, మా మనవడిది. ఆ రెండూ కలిసిన చోట ఊదా. ఇది ఇంతవరకూ ఈ ఇంట్లో తేలలేదు. రొమ్ము..."

ఆమె కుర్చీలోంచి లేచే ప్రయత్నం చేసింది. నాన్న పట్టుకున్నాడు. ఊదాకీ పొట్టకీ మధ్య, రొమ్ముకి అడ్డంగా, దారప్పోగంత గీత ఒకటుంది. నీడలో అది ఉందని కూడా తెలియదు. ఎండలో రాగిచెంబు తోమినట్టు ఎర్రగా మెరుస్తోంది.

"మీ తాత" అంది నాయనమ్మ.

అప్పుడు పిట్ట రెక్కలు విదిల్చి పాట ఎత్తుకుంది. రెక్క పైకి లేచినప్పుడు దాని చంకలో దాచుకున్నట్టు ఓ పసుపు కుచ్చు కనబడింది. నాన్న చప్పున తన చేతులవైపు చూసుకున్నాడు. అవి కూడా అదే పసుపు.

"మనందరం పాడుచేసినవన్నీ ఆ తొట్టిలోనే కదా ముంచాం" అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "ఎక్కడికి పోతాయి మరి?"

"పిసరూ, ఇటు రా" అంది నాయనమ్మ. పిసరు వచ్చింది. ముసలావిడ ఆ చేతులు ముందుకి లాగి, ఎండలో తిప్పి తిప్పి చూసి, వాటిమీద తన చెయ్యి వేసింది. "నీడలో చూడవలసినవి నీడలో చూశాను, ఏ ఒక్కటీ తప్పు పోలేదు. ఇది ఎండలో చూడవలసిన పిట్ట. నేను సగం చూసి తేల్చేశాను. దేవుడు రంగు కలిపేటప్పుడు మనం పక్కన లేం కదే."

"నలుపు కూడా నాదే నాయనమ్మా. అదేమీ తక్కువది కాదు" అంది పిసరు.

"తక్కువని ఎవరన్నారు? ఇంత లోతు ఉంటేనే ఇన్ని నిలిచాయి."

ఇంతలో మెట్ల మీద నాటకశాల మేనేజరు గొంతు వినబడింది, మనిషి కన్నా ముందు. "నా తెర ఎంతవరకు వచ్చింది?" డాబా మీదికి వచ్చి, చూసి, ఆగిపోయాడు. "అయ్యయ్యో! నేనడిగింది నలుపు! ఇది... ఇదేమిటి?"

"ఆ కొస పట్టుకుని మెట్ల నీడలోకి వెళ్ళి చూసుకోండి" అంది నాయనమ్మ.

వెళ్ళాడు. నీడలో నలుపు, బావి అడుగులాంటి నలుపు. బయటికొచ్చాడు, ఊదా. మళ్ళీ లోపలికెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చిన్నపిల్లవాడు దాగుడుమూతలాడినట్టు ఇటూ అటూ తిరిగి తిరిగి, చివరికి పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. "దీపాలు ఆర్పితే తెర లేదు" అన్నాడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. ఆయన అంత మెల్లగా మాట్లాడడం అంతకుముందు ఎవరూ వినలేదు. "దీపాలు వెలిగిస్తే... నాటకం మొదలుపెట్టకుండానే చప్పట్లు కొట్టేస్తారండీ జనం. అలాంటి తెర ముందు నా నటులు ఏం నిలబడతారు?"

"బాగా నటించమనండి" అంది అమ్మ. ఆ పొద్దంతా ఆమె అన్నది ఆ ఒక్క మాటే. కానీ అన్నప్పుడు కూతురి భుజం మీద చెయ్యి వేసి, మెడ నిటారుగా పెట్టి అంది.

మేస్త్రీ గడ్డపార చేతిలోకి తీసుకుని లేచాడు. "అంతా బానే ఉంది గానీ, మరి నేనేం పగలగొట్టాలి?"

అన్నయ్య నేలచూపులు చూశాడు. ఆ తర్వాత, "ఆ తొట్టి జోలికి పోకు. కుర్చీలు వీధిలో వేసుకుందాం" అన్నాడు.

"వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపుతామా?" అంది నాయనమ్మ. "కప్పు పగలగొట్టు. ముందు గదిలో, మా ఆయన తొట్టికి సరిగ్గా పైన. పెద్దదిగా తియ్యి, మధ్యాహ్నందాకా ఎండ నిలవాలి. పైన అద్దం బిగించు, ఓ పక్క పిట్ట పట్టేంత సందు వదులు."

"ముందు గదిలోకి ఎండా!" అన్నాడు నాన్న.

"నా కిటికీ ఎక్కడికీ పోదు. ఇటు చూసేవి ఇటు చూస్తాను, అటు చూసేవి అటు చూస్తాను. మెడ తిప్పడం నాకింకా చేతనవును."

మేస్త్రీ పని ముగించిన మర్నాడు పొద్దున నాయనమ్మ తాత తొట్టి మూతని ఎప్పటిలాగే తడిగుడ్డతో తుడిచింది. తుడిచాక తనే అంచు పట్టుకుని లేపింది, పిసరు రెండోవైపు పట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని గోడకి ఆనించారు. నీళ్ళు నింపారు. మిగతా పిట్టలన్నీ వచ్చి వాటి వాటి తొట్ల అంచున కూర్చున్నాయి. నల్లపిట్ట కప్పు సందులోంచి దిగి, తాత తొట్టి అంచున వాలింది. ఎండ ఇంకా దానిదాకా రాలేదు. అది నల్లగా, నెమ్మదిగా, ముక్కు అంచుకి రాసుకుంటూ కూర్చుంది. ఎవరూ తొందరపడలేదు. ఎండ గోడ దిగి, నేల దాటి, తొట్టి ఎక్కి, దాన్ని అందుకుంది.

నాయనమ్మ కుర్చీలోంచి లేచి కిటికీ రెక్క బార్లా తోసింది. రొట్టెలవాడు బుట్ట దించుకుని నిలబడ్డాడు. టైలరు కోటు గుండీలు విప్పుకుని ఎటో పోతూ ఆగాడు.

"వినండి" అంది నాయనమ్మ, ముసలిగొంతు వీధి చివరిదాకా వినబడేలా. "ఇది మా పిసరు పిట్ట."

రంగు చెప్పలేదు. చూస్తూ ఉండండి అన్నట్టు కిటికీ తెరిచే ఉంచి, వచ్చి కూర్చుంది. పిట్ట వెళ్ళాక పిసరు చేతులు పైకి మడుచుకుని నీళ్ళలో పెట్టింది.